మన్నుబడి – తొమ్మిదో భాగం: గోడ మీద ఎవరి చెయ్యి?

పోయిన వారం మనం కూలిన పడమటి గోడ ముందు నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయాం. ఆ సంచిక పక్కింటివాళ్ళు పట్టుకుపోతే తిరిగి చేతికి రాని వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. పుప్పాలగూడలో రెండు పెద్ద అపార్టుమెంట్ల నడుమ ఆరు గుంటల, అంటే ఏడొందల పాతిక గజాల, జాగా ఏ బిల్డరు చేతికీ చిక్కకుండా మిగిలింది. అది భూలక్ష్మిది. కంది, బెండ, ఆముదం, నాలుగు అరటి చెట్లు, మొన్నటిదాకా ఒక రేకుల ఇల్లు, అంతే ఆమె ఆస్తి. ఆఫీసుల్లో కంప్యూటర్ల ముందు కూర్చుని కూర్చుని విసిగిన పన్నెండు మంది శని, ఆదివారాలు అక్కడికి చేరి మట్టిగోడ పెట్టడం, వాననీటిని నేలలోకి ఇంకించడం ఆమె దగ్గర నేర్చుకుంటున్నారు. వాళ్ళందరినీ పోగుచేసి ఆ బడికి ‘మన్నుబడి’ అని పేరు పెట్టినవాడు ఉదయ్ భాస్కర్, ఉద్యోగం మానేసిన కాకినాడ మనిషి. ఒక్క సిమెంటు బస్తా కూడా ఈ జాగాలో అడుగు పెట్టకూడదన్నది ఆయన పెట్టిన మొదటి నియమం.

ఇక మన సంయుక్త సంగతి. ఆమెది ఆఫీసులో తప్పులు పట్టే ఉద్యోగం. ఎవరో రాసిన ప్రోగ్రాంలో ఎక్కడ లోపం ఉందో వెతికి, అది ఎవరి వల్ల వచ్చిందో తేల్చి చెప్పాలి. అలాంటి మనిషి తన తప్పు తాను చూసుకోకుండా ఒక మాటిచ్చేసింది. “ఆ రేకులు దించేయమ్మా, మిరుగం కార్తె లోపల నీకు మట్టి ఇల్లు నిలబెడతాం, నాదీ పూచీ” అని భూలక్ష్మి చెయ్యి పట్టుకుని చెప్పింది. భూలక్ష్మి ఆ మాట నమ్మి రేకులు దించి, విత్తనాల కుండలతో సహా టార్పాలిన్ కింద ఉంటోంది. ఇప్పుడు మిరుగానికి, అంటే మృగశిర కార్తెకి, ఇంకా పది రోజులే ఉంది. నాలుగు గోడల్లో ఒకటి నేల మీద ఉంది. ఆ మట్టిలో సంయుక్తకి ఒక సిమెంటు ముక్క దొరికింది.

అరచేతంత ముక్క. ఒక వైపు ఎర్రమట్టి అంటుకుని ఉంది, రెండో వైపు బూడిద రంగు. సంయుక్త దాన్ని చున్నీతో తుడిచి ఉదయ్ భాస్కర్‌కి చూపించింది.

“సిమెంటేనండి,” అన్నాడాయన, ముట్టుకోకుండానే. “గోడ అడుగున బయటివైపు జానెడెత్తున పూసి, కనపడకుండా పైన మట్టి రాశారు. పచ్చిగోడలో చెమ్మ బయటికి పోయే దారి లేక అడుగు ఆరలేదు. మనమేమో వరస మీద వరస ఎక్కిస్తూ పోయాం. కూలక ఏం చేస్తుంది?”

“ఎవరు చేసుంటారండీ?”

చెప్పకుండానే చెప్పడం ఒక విద్య. అది ఉదయ్ భాస్కర్‌కి బాగా వచ్చు. గడ్డం గోక్కున్నాడు, అరటి చెట్ల వైపు చూశాడు, ఒకసారి నిట్టూర్చాడు. “నేను ఎవరి పేరూ ఎత్తనండి. కాకపోతే మన పన్నెండు మందిలో తాపీ పట్టడం వచ్చినవాళ్ళు ఎవరున్నారు? పోచయ్యేమో వారం పొడుగునా టవర్ల దగ్గర సిమెంటు పనే చేస్తాడు. వాళ్ళ అక్క భూలక్ష్మమ్మ తర్వాత ఈ జాగా ఎవరికొస్తుందో మీకూ తెలుసు. భూలక్ష్మమ్మ ఎక్కడైనా గది కిరాయికి తీసుకుంటే మంచిదని నేను మొదట్నించీ అంటూనే ఉన్నాను.”

పోచయ్య భూలక్ష్మికి సొంత తమ్ముడు. మొదటి శనివారం సంయుక్తని మట్టి గుంటలోకి దింపి, “మడిమతోని తొక్కాలె బిడ్డా, వేళ్ళతోని గాదు” అని నేర్పినవాడు. ఆమె కాలు జారి నడుందాకా బురదలో పడితే అందరికంటే ముందు నవ్వి, అందరికంటే ముందు చెయ్యి అందించినవాడు. అతణ్ణి ఆమె ‘మామా’ అని పిలుస్తుంది. అలాంటి మనిషి మీదికి అనుమానం పోతుంటే మొదట ఆమెకే సిగ్గేసింది. కానీ అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు పెద్దలు. పక్క అపార్టుమెంటు వాచ్‌మన్‌ని పిలిచి అడిగితే, మంగళవారం మధ్యాహ్నం ఒక ముసలాయన గోడ పక్కన గొంతుక్కూచుని తాపీతో ఏదో పూస్తున్నాడని చెప్పాడు. తెల్లబట్టలు, భుజం మీద తువ్వాలు. మొహం చూడలేదట. సంయుక్తకి ఆ మాట చాలింది.

అంతలో పోచయ్య రానే వచ్చాడు. తెల్ల బనీను, తెల్ల పంచె, భుజం మీద తువ్వాలు. చేతిలో పనిముట్ల సంచి.

“ఏంది బిడ్డా, అందరు గిట్ల నిలవడ్డరు?” అంటూనే గోడని చూశాడు. దగ్గరికి పోయి పడిన మట్టిని పిడికిట్లోకి తీసుకుని పిసికాడు. “అడుగు పచ్చిగనే ఉన్నది. ఇరవై దినాలాయె గద పెట్టి. ఎట్ల పచ్చిగుంటది?”

“మేమూ అదే అడుగుతున్నాం,” అంది సంయుక్త. మామా అనలేదు. పోచయ్య ఆ లోటు వెంటనే గుర్తుపట్టాడు.

“నన్ను అడుగుతున్నవా?”

“మీ సంచి ఒకసారి చూపిస్తారా?”

అతను సంచిని ఆమె కాళ్ళ ముందు పెట్టాడు. తాడు, తూకం గుండు, సుత్తి, తాపీ. తాపీ అంచున బూడిద రంగు పొర ఎండి ఉంది.

“గిది నా పొట్టకూటి తాపీ. పొద్దందాక సిమెంటు పనే గద నాది. ఈడికొచ్చి మట్టి పని జేసేటప్పుడు చేతులే వాడ్త. నువ్వు సూసినవు గద.”

“మంగళవారం మధ్యాహ్నం ఎక్కడున్నారు?”

“నార్సింగి కాడ, పని మీద.”

“మిమ్మల్ని ఇక్కడ చూసినవాళ్ళున్నారు.” ఆమె గొంతు పెద్దదైంది. మిగతావాళ్ళు పనులు ఆపి దగ్గరికి వచ్చారు. “గోడ అడుగున సిమెంటు పూస్తుంటే చూశారు. ఇదిగో, ఇదే ఆ ముక్క. ఎవరు చెప్పారు పూయమని? ఏ బిల్డరు?”

పోచయ్య ఆ ముక్క వైపు చూశాడు. “జర ఇటియ్యి.”

తీసుకుని ఎండకి పట్టాడు. బూడిద రంగు వైపు తాపీ లాగిన చారలున్నాయి. వాటి మీద బొటనవేలితో ఒకసారి రాశాడు, మళ్ళీ ఒకసారి రాశాడు. మొహం మారిపోయింది. తల ఎత్తి సంయుక్తని చూసి, ఏదో అనబోయి మింగేశాడు. ముక్కని మెల్లగా ఆమె చేతిలో పెట్టేశాడు.

“నాకేం తెల్వదు.”

“తెలియకపోతే మొహం అలా మారిందేం?” తేలు కుట్టిన దొంగ ఇలాగే ఉంటాడని ఆమెకి గట్టిగా అనిపించింది. “మీ సొంత అక్క ఇల్లు! వానాకాలంలో ఆవిడ ఎక్కడుంటుందని కూడా అనుకోలేదా? నేను పూచీ ఇచ్చానే ఆవిడకి! నా మాట ఏమవుతుందనుకున్నారు?”

“మాట జారకు బిడ్డా,” అన్నాడు పోచయ్య. కోపంగా అనలేదు, అదే ఆమెకి మరీ ఒళ్ళుమండించింది. “గోడ వడ్డదంటే మల్ల లేపుకుంటం. నోట్లకెల్లి వడ్డది మల్ల లేపుకోలేం.”

“ఇక మీరు ఈ పనికి రావద్దు.”

ఆ మాట అనేసి తనే ఉలిక్కిపడింది. వెనక్కి తీసుకుందామా అని ఒక్క క్షణం అనుకుంది. తీసుకోలేదు. పోచయ్య తలూపాడు, సంచి భుజానికి తగిలించుకుని గేటు దాటి పోయాడు. “మీరు చేసింది కరెక్టేనండి,” అని ఉదయ్ భాస్కర్ వెనకనించి మెల్లగా అన్నాడు.

భూలక్ష్మి అప్పుడు వచ్చింది. వెనక కాలువలో ఆకులు పరిచి వస్తోంది, చేతులనిండా బురద. వానొచ్చే ముందు ఆ కాలువ సర్దకుండా ఆమె ముద్ద ముట్టదు. ఉరికే నీళ్ళకు నడక నేర్పాలె, నడిచే నీళ్ళకు కూసునుడు నేర్పాలె అన్నది వాళ్ళకి ఆమె చెప్పిన మొదటి పాఠం. గోడ పడినందుకు పొద్దున్న కూడా ఆమె గోల పెట్టలేదు. మట్టిని చేత్తో తడిమి ఊరుకుంది.

“మా తమ్ముడేడి?”

సంయుక్తే చెప్పింది. అంతా చెప్పి, రుజువు కింద ముక్కని చేతిలో పెట్టింది. భూలక్ష్మి బురద చేతిని చీరకి తుడుచుకుని ముక్కని తిప్పి చూసింది. చూసి, పడిన గోడ మొదట్లో చతికిలబడింది.

“ఇట్ల రా. కూసో. నువ్వు సదువుకున్నదానివి, నేను గిది సదువుత, ఇను.” ముక్క కింది అంచు చూపించింది. “ఈడ పునాది గులకరాయి గుర్తున్నది గద, అంటె గిది కింది దిక్కు. గిది మీది దిక్కు. ఇగ ఈ గీతలు సూడు. మేం ఇల్లు అలుకుతం, పది మంది ఆడోళ్ళం పది గోడలు అలికినా ఏది ఎవల చెయ్యో చెప్తం. మా అత్త గడపల నిలవడి ‘గీ గోడ భూలక్ష్మిది, గా గోడ సక్కుబాయిది’ అని తిట్టేది. చెయ్యి తిరిగినప్పుడు గుండ్రంగ గీతలు వడ్తయి, అవి ఎటు వంగుతయో సూసుకోవాలె.” కుడి అరచేతిని గోడ మీద పెట్టి అలికినట్టు లాగింది. తడి మట్టిలో గీతలు ఒక పక్కకి వంగి వచ్చాయి. ముక్కని దాని పక్కన పెట్టింది. ముక్క మీది గీతలు రెండో పక్కకి వంగి ఉన్నాయి.

సంయుక్త రెండింటినీ మార్చి మార్చి చూసింది.

“ఎడమచేతి వాటమోడు,” అంది భూలక్ష్మి. “మా తమ్ముడు కుడిచేతోడు. ఇంకోటి సూడు, తాపీ ఎత్తిన కాడల్ల అంచు లేసింది. పని తెల్సినోడు అంచు ఇడ్వడు. పని తెల్వనోడే చేసిండు, కాని ఇల్లు ముంచేటోని చెయ్యి గాదు గిది. ఒకటే జాగల మూడు సార్లు గీకిండు. ఏమైతదో అని శానా ఫికర్‌తోని చేసిండు.”

పన్నెండు మందీ ఒకరి చేతులు ఒకరు చూసుకున్నారు. ఒకమ్మాయి నవ్వబోయి ఆగింది. ఎడమచేతి వాటం వాళ్ళు ఒక్కరూ తేలలేదు. ఉదయ్ భాస్కర్ గడియారం చూసుకుని, టార్పాలిన్ సంగతి చూడాలని లేచాడు. భూలక్ష్మి వాళ్ళెవరినీ చూడటం లేదు. సంయుక్తని చూస్తోంది.

“నువ్వు ఇంటికి పో బిడ్డా.”

“నేనా? ఇప్పుడా? ఎందుకమ్మా?”

“పొద్దుగూకేటాళ్ళకు వాన వడేటట్టున్నది. జల్ది పోయి రా.”

ఇల్లు నాలుగు వీధుల అవతలే. నడుస్తుంటే ఒక సాయంత్రం గుర్తుకొచ్చింది. నడకకని వచ్చిన నాన్న జాగాలో ఆగి, పుల్ల తీసుకుని నేల మీద పునాది, స్తంభం, బీము గీసి భూలక్ష్మికి, పోచయ్యకి పాఠం చెప్పాడు. భూలక్ష్మి పాఠం వినలేదు, పుల్ల పట్టుకున్న చేతినే చూస్తూ కూర్చుంది. అది గుర్తుకు రాగానే సంయుక్త నడక వేగం తగ్గింది. ఇంటికి చేరకుండా ఉంటే బాగుండుననిపించింది.

తలుపు తీసిన తల్లి పుణ్యవతి చేతిలో తువ్వాలుంది. “చూడవే ఈ బూడిద మరక! మూడుసార్లు ఉతికించినా పోలేదు. అంచంతా అట్టకట్టింది. నడకకి వెళ్ళి వచ్చే మనిషికి ఈ మరకలేవిటో!”

తండ్రి కామేశ్వరరావు భోజనాల బల్ల దగ్గర పేపర్లో గళ్ళనుడికట్టు నింపుతున్నాడు. రోడ్లు, భవనాల శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు చేసి రిటైరైన ఇంజనీరు. అన్నం కుడిచేత్తో తింటాడు, అది వాళ్ళమ్మ కొట్టి నేర్పింది. మిగతా పనులన్నీ ఎడమచేత్తోనే. పెన్సిలూ ఆ చేతిలోనే ఉంది. పుట్టినప్పట్నించీ చూస్తున్న చెయ్యి. అందరి తప్పులూ పట్టే మనిషికి అదొక్కటే తట్టలేదు.

ఆమె ముక్కని పేపరు మీద పెట్టింది. “నాన్నా, ఇది ఎవరు పూసింది?”

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని చూశాడు. “ఇది ఏ గోడదమ్మా?”

గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టే అయింది. ఆయనకీ అర్థమైంది, పెన్సిలు కింద పెట్టేశాడు.

“ఏ గోడదంటే? ఎన్ని గోడలకి పూశావు?”

“నాలుగింటికీ.”

సంయుక్త కుర్చీలో కూలబడింది. “పడమటి గోడ పడిపోయింది నాన్నా. అడుగు ఆరక పడిపోయింది.”

కామేశ్వరరావు కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. “నా సర్వీసులో ఒక్క గోడ పడలేదు,” అన్నాడు. “నువ్వు ఆవిడకి పూచీ ఇచ్చావని మీ అమ్మ చెప్పింది. నాకు నిద్రపట్టలేదు. వాన చినుక్కి మట్టిగోడ అడుగు కరిగిపోతుంది, నలుగురిలో నా పిల్ల మాట పోతుంది, అదే భయం. ఎప్పుడూ తాపీ ముట్టినవాణ్ణి కాదు. పనివాళ్ళ చేత చేయించడమే తెలుసు. నువ్వు ఆఫీసుకెళ్ళాక, ఆవిడ లేని వేళ చూసి రోజూ మధ్యాహ్నం వెళ్ళి మోకాళ్ళు నొప్పెడుతున్నా కూర్చుని పూశాను. నీకు తెలిస్తే ఒప్పుకోవని పైన మట్టి రాశాను.”

ఆమెకి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఏది ముందో ఆమెకే తెలియలేదు. “నేను పోచయ్య మామని దొంగన్నాను నాన్నా! పన్నెండు మంది ముందు రావద్దన్నాను!”

“అయ్యో,” అన్నాడాయన.

బయట ఉరిమింది. బాల్కనీలో బట్టల కోసం పుణ్యవతి పరుగెత్తింది. సంయుక్తలోని తప్పులు పట్టే మనిషి అప్పుడు మళ్ళీ కళ్ళు తెరిచింది.

“సిమెంటు ఎక్కడిది? నువ్వు కొన్నావా?”

“నేనెందుకు కొంటాను? అక్కడే ఉంది. గడ్డి కుప్ప వెనక గోనె కప్పి రెండు బస్తాలు. ఉదయ్ భాస్కర్ గారే చూపించారు. ‘మీవంటి ఇంజనీరుగారు చేస్తే నాకు ధైర్యమండి, అమ్మాయిగారికి మాత్రం చెప్పకండి, నొచ్చుకుంటుంది’ అన్నారు.”

పొద్దున ఆయన ముక్కని ముట్టుకోకుండానే సిమెంటన్నాడు. జానెడెత్తు అన్నాడు. చెమ్మ పోయే దారి లేదన్నాడు. గోడ ఎందుకు పడుతుందో అంత బాగా తెలిసిన మనిషి, దాన్నే పూయమని నాన్నని కూర్చోబెట్టాడు. ఎందుకు? కిరాయి గది మాట చెవిలో మళ్ళీ వినపడింది. ఇప్పుడు దాన్ని పట్టుకుని కూర్చునే తీరిక లేదు. మూడు గోడలు ఇంకా నిలబడి ఉన్నాయి, వాన మొదలైంది, ఆ గోడల అడుగున సిమెంటు గీకడం వచ్చిన ఒక్క మనిషినీ తనే తరిమేసింది.

పోచయ్యకి ఫోను చేసింది. మోగుతుంటే మెట్లు దిగుతోంది. వెనక కామేశ్వరరావు చెప్పులు లేకుండా దిగుతున్నాడు. అవతల ఎత్తారు. ఆయాసపడే చప్పుడు, వాన చప్పుడు.

“మామా! తప్పయిపోయింది మామా. అది మా నాన్న...”

“తెల్సు. ముక్క సూడంగనే ఎడమ చెయ్యని తెల్సింది. పెద్దమనిషి, నలుగురిట్ల పరువు ఎందుకు తియ్యాలె అని ఊకున్న. ఇగ గదంత తర్వాత.” మాట మాటకీ ఊపిరి తీస్తున్నాడు. “ఎనక దిక్కుకెల్లి లోపటికొచ్చిన. సూస్తె అన్ని గోడలకు పూసున్నది. దక్షిణపు గోడ, ఉత్తరపు గోడ అడుగు సిమెంటు గీకిన, అవి ఆగుతయి. తూర్పు గోడ కదుల్తుంది బిడ్డా. వీపు వెట్టి నిలవడ్డ.”

“వదిలేసి బయటికొచ్చెయ్ మామా!”

“పిలగాండ్లంత పోయిండ్రు, అక్క ఒక్కతె లోపట్నే ఉన్నది. ఉదయ్ సారు టార్పాలిన్ ఈ గోడకే కట్టి పోయిండంట, అది గోడను గుంజుతున్నది. విత్తనాల కుండలన్ని ఈ గోడ మొదట్ల వెట్టుకున్నది, అవి తియ్యందె రానంటుంది. నేను జెప్తె ఇంటలేదు. నువ్వు పిల్వు. ఫోను పెద్దగ పెట్టిన, పిల్వు.”

సంయుక్త నడిరోడ్డు మీద, వానలో, గొంతు చించుకుని అరిచింది. “అమ్మా! భూలక్ష్మమ్మా! కుండలు వదిలెయ్! బయటికి రా! నేను చెబుతున్నాను, రా!”

కుండకి కుండ తగిలిన చప్పుడు వినిపించింది. తర్వాత, ఏ తొందరా లేని గొంతు.

“నీ మాట మీదనే రేకులు దించిన బిడ్డా. ఇప్పుడు ఏ మాట మీద రమ్మంటవు?”